మేనమామ వాటా

ఏడు గంటలు దాటింది. కుండల్లో మాంసం ఇంకా ఉడకలేదు.

ఆడవాళ్ళ వంటపాక ముందు జొన్నపిండి కలుపుతున్న ఒనాలెన్నాకి ఆ సంగతి మగవాళ్ళ పొయ్యిల వైపునుంచి వస్తున్న అరుపుల వల్ల తెలిసింది. పెరటికి అవతల, పశువుల దొడ్డి వార, అయిదు మూడుకాళ్ళ ఇనపకుండలు తెల్లారకముందునుంచీ మంటలమీదే ఉన్నాయి. ఉప్పూ నీళ్ళూ తప్ప ఇంకేమీ పడని కుండలు. ఈపాటికి మాంసం ఎముక వదిలేసి తనంతట తనే జారిపోవాలి. పీచు పీచుగా విడిపోయేలా కర్రలతో దంచడం మొదలవ్వాలి. పెళ్ళింట్లో పొద్దున్నే వినపడాల్సిన ఆ దంపుడు చప్పుడు ఇవాళ లేదు.

"కుండలు చూసే గబానె ముసలాడైపోయాడు," అంది అత్తగారు, సంకటి కుండలోకి తొంగిచూస్తూ. ఒనాలెన్నా మొగుడు తిరోకి తల్లి కాబట్టి ఊరందరికీ ఆమె మ్మా తిరో. "పచ్చికట్టెలు పెట్టుంటాడు. పదకొండింటికి రాజధాని గాబొరోనె నుంచి పెళ్ళివారు దిగుతారు. వాళ్ళకి ఆకుకూరా సంకటీ పెట్టి పంపిస్తే మన పరువేం కాను?"

"ఎండిన తుమ్మకట్టెలే అత్తయ్యా. నిన్న నేనే చూశాను."

"అవునులే, నువ్వు చూడనిదేముంది ఈ ఇంట్లో! చూసేవన్నీ చూస్తావు, చెప్పేవి మాత్రం చెప్పవు."

పెళ్ళి పనుల్లో అత్తగారి నోటికి అడ్డు వెళ్ళేంత ధైర్యం ఒనాలెన్నాకి ఎప్పుడూ లేదు. పిండి ఉండ కట్టకుండా గరిటె తిప్పుతూ కూచుంది. అప్పుడు దొడ్డి వైపునుంచి గబానె గొంతు గట్టిగా లేచింది.

"ఇంత ఎద్దురా! ఇంత ఎద్దుని కోసి కుండల్లో వేస్తే చారుమీద కొవ్వుచుక్క తేలదా? నా అరవై తొమ్మిదేళ్ళలో ఇలాంటిది చూడలేదు!"

గరిటె ఆగిపోయింది.

"అత్తయ్యా," అంది ఒనాలెన్నా, గొంతు మామూలుగా ఉంచాలని చూస్తూ. "నిన్న కోసింది మచ్చల ఎద్దేగా? అడవి బీడునుంచి తోలుకొచ్చిందేగా?"

"ఆ బక్కదాన్నా? దాని వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు! పెళ్ళికొడుకువాళ్ళు ఓలి కింద ఎనిమిది పశువుల్ని తోలారు, ఒక్కోటీ మెరుస్తూ. వాళ్ళకి ఎండుగడ్డి తిన్న మాంసం పెడతానా? రెండో దొడ్లో ఎర్రదాన్ని పట్టించాను. దాని పిర్రలు చూశావా, తలుపంత ఉన్నాయి."

"తిరోకి చెప్పారా?"

"నిన్న వాడు సూట్లు తేవడానికి పట్నం పోయాడుగా. ఉంటే మాత్రం? కబేళా లారీకి ఒకటి తక్కువైందని ఏడుస్తాడు. నా కూతురి పెళ్ళికి నా ఇంటి పశువుని కోసుకోడానికి నా కొడుకు సెలవివ్వాలా?"

రెండో దొడ్డి. ఒనాలెన్నా గరిటెని పక్కనున్నామెకి అందించి, చేతులు కడుక్కోకుండానే లేచింది.

రెండో దొడ్లో ఎడ్లకి తవుడూ బెల్లపు మడ్డీ కలిపేది ఆమే. మూడు వారాల కిందటిదాకా అందులో నీలం సంచిలోని తెల్లపొడి అగ్గిపెట్టెడు కలిపింది కూడా ఆమే. సంచిమీది చీటీని తిరో చించేశాడు. సరిహద్దు అవతలనుంచి తెచ్చిన బలం మందు అన్నాడు. ఆ పొడి కలిపిన రోజుల్లో సాయంత్రానికి ఆమె వేళ్ళు వణికేవి, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది. రెండో బిడ్డేమోనని మొదట్లో సిగ్గుపడింది కూడా. కాదని తేలాక మొగుణ్ణి నిలదీసింది. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. అప్పటినుంచీ ఆ సంచిని ముట్టుకోలేదు.

*

తిరోని వెతుకుతూ ఇంట్లోకి వెళ్ళాలంటే పెళ్ళికూతురి గది దాటాలి. అక్కడ అయిదారుగురు ఆడవాళ్ళు సెతున్యాని ముస్తాబు చేస్తూ గోల గోలగా ఉన్నారు.

"వదినా, వదినా, ఇలా రా," అని పిలిచింది సెతున్యా. తిరోకి ఒక్కగానొక్క చెల్లెలు. చెవిపోగు పట్టుకుని అద్దం ముందు అవస్థ పడుతోంది. "ఇది పెట్టవూ. కన్నం దొరకట్లేదు. నా చేతులు చూడు ఎలా ఉన్నాయో."

"చేతులు కాదే, కాళ్ళు కూడా ఆడుతున్నాయి దీనికి!" అంది ఒకామె. "ఆ గుబులు కాస్త దాచుకోవే పిల్లా, ఇప్పుడే ఖర్చు చేసేస్తే ఎలా?"

అందరూ పగలబడి నవ్వారు. సెతున్యా కూడా నవ్వింది. "గుండె దడదడలాడుతోంది వదినా. రాత్రి కన్ను మూయలేదు."

"పెళ్ళికూతురివి కదా, ఆడుతుందిలే," అంది ఒనాలెన్నా. చెవిపోగు గబగబా తొడిగి, చెంప తట్టి, పక్కగది తలుపు తోసింది. ఆమె ధ్యాసంతా నీలం సంచిమీదే ఉంది.

తిరో కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. తలుపు మూసి గొళ్ళెం పెట్టిన భార్యని అద్దంలో చూసి నవ్వాడు.

"ఏంటి, పెళ్ళి మనదనుకున్నావా?"

"కోసింది రెండో దొడ్డి ఎద్దుని."

గుండీ మీద వేళ్ళు ఆగాయి. నవ్వు మాత్రం కాసేపు మొహంమీదే ఉండిపోయింది.

"ఎవరు కోయమన్నారు?"

"మీ అమ్మ. మచ్చలది బక్కగా ఉందట. నువ్వొచ్చేసరికి తోలు తీసి వేలాడదీశారు. నీకు చెప్పలేదు."

తిరో మంచం అంచున కూచున్నాడు. బయట ఎవరో పిల్లల్ని కసురుతున్నారు. ఏదో పళ్ళెం కిందపడి గిరగిరా తిరిగి ఆగింది.

"ఏం కాదులే," అన్నాడు చివరికి.

"పది రోజుల ముందే ఆపాలన్నావు. ఆపితేనే పశువు ఒంట్లోంచి పోతుందన్నావు. సోమవారం లారీ వస్తోంది, ఇవాళ శనివారం. ఆపేసే ఉంటావు. ఆపావా?"

అతను బూట్ల కోసం మంచం కిందికి చెయ్యి పెట్టాడు.

"తిరో, నిన్నే. ఆపావా?"

"ఆపితే కండ దిగిపోతుంది. రెండ్రోజుల్లో చూస్తేనే తెలిసిపోయేంత దిగిపోతుంది."

"ఎప్పటిదాకా పెట్టావు?"

"నిన్న పొద్దున కూడా పెట్టాను."

ఒనాలెన్నా గోడకి ఆనుకుంది.

"అలా చూడకు," అన్నాడు తిరో, గొంతు తగ్గించి. "మాంసం గట్టిగా వస్తుంది, అంతే. కొవ్వు తగ్గి కండ పెరుగుతుంది, ఆ కండ బిరుసుగా ఉంటుంది. కబేళాలో అయితే కోసిన వెంటనే ఆ మేనికి కరెంటు తగిలిస్తారు. తుంటికి కొక్కెం పెట్టి చలిగదిలో రెండు వారాలు వేలాడదీస్తారు. మెత్తబడిపోతుంది. తినేవాడికి ఏం తెలియదు. మనమేమో సాయంత్రం కోసి పొద్దున్నే కుండలో పడేశాం. గట్టిగా ఉండక ఏమవుతుంది?"

"గట్టిదా మెత్తదా అని నేనడగలేదు. మనుషులు తింటే ఏమవుతుంది?"

"కండలో పెద్దగా ఉండదు ఆ మందు."

"మరి ఎక్కడుంటుంది?"

తిరో అద్దం వైపు తిరిగాడు. పై గుండీ పెట్టుకోబోయి వదిలేశాడు.

"కార్జంలో," అన్నాడు.

అప్పుడే దొడ్డి వైపునుంచి నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు, నవ్వేవాడి కంటే ముందు ఇంట్లోకి వచ్చే నవ్వు. తిరో మేనమామ మొలెఫిది. తెల్లారేసరికి తన ఊరినుంచి వచ్చేశాడు. ఈ ఇంట్లో ఏ శుభానికి ఏ పశువు పడినా తల ఆయనది, పొయ్యిమీద మొదట కాలే కార్జం ఆయనది. ఆయన తినందే ఇంకొకరు ముట్టరు.

ఇద్దరూ ఆ నవ్వు ఆగేదాకా విన్నారు.

"ఆయన బీపీ మాత్రలు వేసుకుంటాడు," అంది ఒనాలెన్నా.

"అరవకు."

"నేను అరవలేదు."

"తినలేదేమో. నేను అడుగుతాను. నువ్వు మాత్రం నోరు విప్పకు." లేచి దగ్గరికొచ్చి ఆమె భుజంమీది శాలువా సర్దాడు. చెయ్యి మెత్తగానే ఉంది, మాట మాత్రం కాదు. "ఒక్కమాట బయటికి పొక్కిందంటే కబేళావాళ్ళు మన పశువుల చెవిబిళ్ళలు పీకేస్తారు, అమ్ముకోనివ్వరు. మన అరవై పశువులతో పోదు. ఈ చుట్టుపక్కల ఒక్కరి పశువుకీ కబేళా గుమ్మం తెరవరు. ఇవాళ మనింట్లో తినడానికి వచ్చేవాళ్ళంతా వాళ్ళేగా. ఎవర్ని తిడతారనుకున్నావు?"

"ఎవర్ని?"

"కలిపింది నీ చేతులేగా," అన్నాడు తిరో.

గొళ్ళెం తీసి బయటికి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో అతను ఆమెని కొట్టలేదు. ఆ మాట మాత్రం చెంపమీద పడ్డట్టే పడింది.

*

మగవాళ్ళ పొయ్యిల దగ్గరికి ఆడది వెళ్ళకూడదు. కోడలు అసలే వెళ్ళకూడదు. ఒనాలెన్నా నీలం అచ్చుగౌను కుచ్చిళ్ళు పట్టుకుని పెరడు దాటింది. కంచె దగ్గర ఆగింది. అక్కడికి మాటలు బాగా వినిపిస్తున్నాయి.

గబానె పెద్ద ఫోర్కుతో తొడముక్క ఒకటి పైకెత్తి పట్టుకున్నాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఎగుమతి కబేళాలో, అదీ చలిగదిలో పనిచేసి వచ్చిన మనిషి. ఊళ్ళో పెళ్ళయినా చావయినా కుండలకి ఆయనే పెద్ద. మాంసాన్ని చూస్తే చాలు, ఆ పశువు ఏం మేసిందో, ఎలా చచ్చిందో చెప్తాడని పేరు.

"రాత్రి మంచు గడ్డకట్టింది తాతా," అంటున్నాడు తిరో. "వేడిమీదున్న మాంసం చలికి బిగుసుకుపోయింది. తొందరపడి చల్లారిస్తే తోలైపోతుందని నువ్వేగా చెప్పేవాడివి."

"నా పాఠం నాకే అప్పజెప్తున్నావా?" అన్నాడు గబానె. "దాని తోలే దానికి కప్పాను. పైన నాలుగు గోనెలు చుట్టాను. పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నాను. కుండల్లో వెయ్యబోయే ముందు చెయ్యి పెట్టి చూస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. చలి తగలనిస్తేగా, బిగుసుకోడానికి."

"అయితే బెదరగొట్టి ఉంటారు. పరిగెత్తించి కోస్తే..."

"పరిగెత్తించి కోసిన మాంసం నల్లబడుతుంది, చేతికి జిగురంటుతుంది. ఇది చూడు. పాలిపోయింది, పొడిగా ఉంది. ఒంటినిండా కండే, గోరంత కొవ్వు లేదు." ముక్కని రాతిమీద పెట్టి, దంపుడు కర్ర ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. కర్ర ఎగిరి వచ్చింది. ముక్క చెక్కు చెదరలేదు. "అయిదు గంటలు ఉడికిన ముక్క ఇది. తిరో, దీనికి నువ్వేం మేపావు?"

తిరో కుండ కింద కట్టెని కాలితో లోపలికి నెట్టాడు.

"ఏం మేపుతాను? తవుడు. జొన్నచొప్ప. మీరందరూ మేపేదే."

"అందరూ మేపేది నాకు తెలుసు."

"పెళ్ళిపూట ఏంటి తాతా ఈ పంచాయితీ?"

"ఒరే, ఇద్దరూ ఆపండి," అన్నాడు మొలెఫి. ఆయన పొయ్యిలకి కాస్త ఎడంగా, ఎండ పడేచోట, చెక్కకుర్చీలో బూడిదరంగు సూటేసుకుని దర్జాగా కూచున్నాడు. చేతిలో టీ కప్పు. కప్పూ సాసరూ ఆగకుండా టకటకమంటున్నాయి. "మాంసం గట్టిదైతే పళ్ళున్నవాళ్ళు తింటారు, లేనివాళ్ళు నంజుకుంటారు. నాకు చూడండి, పెళ్ళికూతురికంటే ఎక్కువ కంగారుగా ఉంది. ఈ వయసులో నాకు పెళ్ళి చేస్తారేమోనని భయం పట్టుకుందిరా!"

ఒకరిద్దరు నవ్వారు. ఆయన కప్పు నోటిదాకా తేబోయాడు. టీ గడ్డంమీదుగా ఒలికి సూటుమీద పడింది.

ఒనాలెన్నా ఆ వేళ్ళే చూస్తోంది. ఆ వణుకు ఆమెకి తెలుసు. చలికి వణికే వణుకు కాదు, ముసలితనం వణుకూ కాదు. వేళ్ళ చివర మొదలై మోచేతిదాకా పాకే సన్నటి వణుకు. తన చేతుల్లో రోజుల తరబడి చూసుకున్నది.

కంచె దాటి లోపలికి నడిచింది. ఎవరో "ఏయ్, ఇటెక్కడికి!" అన్నారు. ఆమె వెళ్ళి మొలెఫి కుర్చీ పక్కన మోకాళ్ళమీద కూచుంది. కప్పు తీసి కింద పెట్టి, ఆయన మణికట్టు పట్టుకుంది. చేతికింద నాడి పరుగెడుతోంది. లెక్కకి అందట్లేదు.

"మావయ్యా, కార్జం తిన్నారా?"

"తినకపోతే మీ అత్త నన్ను బతకనిస్తుందా? రాత్రంతా మూతపెట్టి దాచింది, నా తమ్ముడు వచ్చేదాకా ఎవరూ ముట్టడానికి వీల్లేదని. మేనమామ వాటా మేనమామకే, ఏమనుకున్నావు!"

"ఎంత తిన్నారు?"

"అదేం ప్రశ్నమ్మా. నా నోటి ముద్దలు లెక్కపెడతావా?" నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. నుదుటిమీద చెమట, ఈ నడి చలికాలం జులైలో. "ఒక్క నిమిషం. కాస్త పడుకుంటాను. గుండె మరీ తొందరపడుతోంది."

కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు. ఇద్దరు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు.

ఒనాలెన్నా తల ఎత్తి మొగుడి వైపు చూసింది. తిరో తల అడ్డంగా ఆడించాడు. ఆమెకి మాత్రమే తెలిసేంత చిన్నగా.

ఆ క్షణంలో ఆమెకి చాలా గుర్తొచ్చాయి. సోమవారం లారీ. ఎండాకాలం కరువులో పశువుల్ని ఒక్కొక్కటిగా పోగొట్టుకుని మళ్ళీ కూడబెట్టిన మూడేళ్ళు. ఎనిమిదేళ్ళ కూతురు లెసెది, దాన్ని బళ్ళో పిల్లలు ఏమంటారో అన్న బెంగ. ఇవన్నీ ఒక పక్క. మరో పక్క అయిదు కుండలు, పదకొండింటికి పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడే మూడొందల మంది. ఆ వరసలో లెసెది కూడా ఉంటుంది.

"ఈ మాంసం ఎవరూ తినొద్దు," అంది.

మళ్ళీ అంది, ఈసారి పెరట్లోకి కూడా వినపడేలా. "ఎవరూ తినొద్దు. కుండలు దించేయండి!"

*

మ్మా తిరో ఎంత వేగంగా వచ్చిందంటే చేతిలో సంకటి గరిటె అలాగే ఉంది.

"దీనికి పిచ్చెక్కిందా? మగవాళ్ళ మధ్యకొచ్చి ఏంటా కేకలు? నా కూతురి పెళ్ళి చెడగొట్టడానికి ఇవాళే దొరికిందా నీకు?"

"ఆ ఎద్దుకి మందు పెట్టాం అత్తయ్యా. కండ పెంచే మందు. కార్జంలో నిండా ఉంది. మావయ్యకి అదే ఎక్కింది."

"ఏం మందే? నా తమ్ముడికి బీపీ ఉంది, పొద్దున్నే ప్రయాణం చేసొచ్చాడు, అంతే!"

"నా చేతుల్తోనే కలిపాను తవుట్లో. కలిపిన ప్రతిరోజూ నా చేతులు ఇలాగే వణికేవి. నాకు తెలుసు ఈ వణుకు."

గరిటెలోంచి సంకటి ముద్ద జారి మట్టిలో పడింది. మ్మా తిరో దాన్ని చూసింది, కోడల్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది. చివరికి కొడుకు వైపు తిరిగింది.

"చెప్పరా. అబద్ధమని చెప్పు దీనికి."

తిరో పొయ్యిలోకి చూస్తున్నాడు.

"నిన్నేరా. నీ దొడ్డి, నీ పశువులు. చెప్పు!"

"నాకేం తెలియదమ్మా," అన్నాడు తిరో. "తవుడు కలిపేది తనే. ఏం కలిపిందో, ఎక్కణ్ణుంచి తెచ్చిందో, నాకెప్పుడూ చెప్పలేదు."

ఇంత మందిలో, ఇంత మామూలుగా, కళ్ళు కూడా ఆర్పకుండా! కోపం రావాల్సిన చోట ఒనాలెన్నాకి భయమే వచ్చింది. ఇన్నాళ్ళూ పక్కన పడుకున్న మనిషి ఎవరో అర్థంకాని భయం.

గబానె వంగి మొదటి కుండ కిందనుంచి మండే కట్టెలు బయటికి లాగి మట్టిలో పొర్లించాడు. రెండో కుండ దగ్గరికి వెళ్ళాడు. మూడో కుండ దగ్గరికి వచ్చేసరికి ఇంకో ఇద్దరు ఆయనతో కలిశారు. పొగ దొడ్డంతా కమ్మింది.

"కట్టెలు తరవాత, ముందు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అని ఎవరో అరిచారు. పిక్-అప్ ట్రక్కుని కంచెదాకా వెనక్కి తెచ్చారు. వెనకాల పరుపు వేసి మొలెఫిని పడుకోబెట్టారు. సూటు కోటు ఊడదీస్తే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూచుంది మ్మా తిరో.

ఒనాలెన్నా అప్పటికే ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది. నర్సు గొంతు అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"మందు కలిసిన కార్జం తిన్నాడు, అరవై దాటిన మనిషి, బీపీ ఉంది. ఇదేగా?" అంది నర్సు. "తీసుకొచ్చేయండి. గంట పడుతుందా మీ ఊరినుంచి? అయితే వినండి. ఆ మందు పేరు నాకిప్పుడే కావాలి. డాక్టరుగారు పట్నానికి ఫోన్ చేసి విరుగుడు సిద్ధం చేయిస్తారు. పేరు తెలియకుండా గుండెకి ఏదో ఒకటి ఇవ్వలేం, ఉన్న గుండె ఆగిపోతుంది. పేరేంటమ్మా?"

"నాకు తెలియదు," అంది ఒనాలెన్నా. "సంచిమీద చీటీ చించేసి ఉంది."

"తెలిసినవాళ్ళు ఎవరూ లేరా అక్కడ?"

ఉన్నాడు. నాలుగడుగుల దూరంలో కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఒనాలెన్నా అతని దగ్గరికి నడిచింది. ఫోన్ అతని ముందు పెట్టింది. మొగుడికి తప్ప ఇంకెవరికీ వినపడకూడదని నోరు అతని చెవి దగ్గర పెట్టి మాట్లాడింది.

"నేనే తెచ్చానంటాను. నేనే కలిపానంటాను. పోలీసులు వచ్చినా అదే చెప్తాను, లెసెది మీద ఒట్టు. నువ్వు పేరొక్కటి చెప్పు, తిరో. ఆయన నీ మేనమామ. మీ నాన్న పోయినప్పుడు నీకు మొదటి ఆవునిచ్చింది ఆయనే."

తిరో పెదవులు కదిలాయి. ఫోన్ అందుకున్నాడు. ట్రక్కు చుట్టూ ఉన్నవాళ్ళంతా కొంచెం ముందుకి వంగారు.

"హలో?" అంది నర్సు. "చెప్పండి, రాసుకుంటున్నాను."

అతను భార్యని చూశాడు. చల్లారుతున్న కుండల్ని చూశాడు. కంచె అవతల రెండో దొడ్లో ఎర్రగా నున్నగా మెరుస్తున్న ఎడ్లని చూశాడు. బొటనవేలితో నొక్కి ఫోన్ ఆపేశాడు.

"తెలియనిదానికి పేరేం చెప్తాను?" అన్నాడు.

ట్రక్కులోంచి మొలెఫి కళ్ళు తెరిచి మేనల్లుణ్ణి చూస్తున్నాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో తెలియదు. ఏదో అనాలని చూస్తే అక్క వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"సెతున్యాని కూడా ఎక్కించండి," అన్నాడు ఆయన.

"దాన్నెందుకురా? ముస్తాబు చేస్తున్నారు దాన్ని."

"మొదటి ముక్క దాని నోట్లోనే పెట్టాను అక్కా." ఊపిరి అందక ఆగాడు. "పొద్దున వెళ్ళి పెట్టొచ్చాను. ఇంకోటి కావాలంది. పుట్టిందగ్గర్నుంచీ నా పళ్ళెంలో మొదటి ముద్ద దానిదేగా."

చెవి కన్నం దొరకని ఆ వేళ్ళు ఒనాలెన్నాకి కళ్ళముందు మెదిలాయి. పెళ్ళికూతురివి కదా, ఆడుతుందిలే, అని చెంప తట్టి వచ్చేసింది తను.

ఇంట్లోంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడటం మానేసి కాసేపైందని అందరికీ ఒక్కసారే తెలిసింది. ఎవరో సెతున్యా పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒకసారి పిలిచారు. మళ్ళీ పిలిచారు, ఈసారి గట్టిగా.

తిరో మొహంలో నెత్తుటిచుక్క లేదు. అతని చేతిలో ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.